కట్టినది చెద, పేరు చీమకు

తెలుగుదేశంలో బడిగడప త్రొక్కిన ప్రతి బిడ్డకూ సుమతీ శతకంలోని ఒక పద్యం కంఠస్థం. లోభి కూడబెట్టిన బంగారం కడకు రాజుల పాలవుతుందని చెప్పడానికి శతకకారుడు అందులో ఒక ఉపమానం తెచ్చినాడు. చీమలు శ్రమించి పెట్టిన పుట్ట పాముకు నివాసమవుతుందట. పద్యం చక్కనిది, నీతి అంతకంటె చక్కనిది. ఏండ్ల తరబడి మనం ఆ పద్యాన్ని చెప్పుతున్నాము, పిల్లలు అప్పగిస్తున్నారు. కాని అందులోని ప్రకృతి విషయాన్ని పరీక్షించి చూచినవారు మనలో ఎందరు? చీమ నేలలో కలుగు చేసుకొంటుంది, తవ్విన మన్నును కలుగు చుట్టూ పోసుకొంటుంది. మన పొలిమేరలలో, బీళ్ళలో, వేపచెట్ల మొదళ్ళలో నిలువెత్తుగా లేచి నిలిచే పుట్టను పెట్టినది చీమ కాదు. దానిని పెట్టినది చెద.

ఇందుకు కవిని నిందించవలసిన పని లేదు. ఇంగ్లీషువారు కూడ చెదను ఎంతోకాలం తెల్లచీమ అనే పిలిచినారు. నిజానికి చెదకూ చీమకూ చుట్టరికం లేదు. చీమ కందిరీగల, తేనెటీగల వంశానికి చెందినది. చెదకు దగ్గరి చుట్టం మన వంటయింటి బొద్దింక. చెదలు బొద్దింకల వంశవృక్షంలోని ఒక కొమ్మయే అని 2007లో వెలువడిన జన్యుపరిశోధన గట్టిగా నిరూపించినది. పైగా చెదకు చీమను మించిన శత్రువు లేదు. పుట్టలో దూరుతూ కనబడే చీమ చాలసార్లు దోపిడికి వచ్చినదే గాని కట్టినది కాదు. చెదలు విడిచిపోయిన పుట్టలలో పాములు, ఉడుములు చేరుతవి. ఈ సంగతి తెలిసిన తరువాత పద్యంలోని నీతి తగ్గదు, ఇనుమడిస్తుంది. కట్టినది చెద, పేరు చీమకు, ఇల్లు పాముకు! శ్రమ ఒకరిది, భోగం మరొకరిది అన్నాడు కవి. కీర్తి సైతం మూడవవారి పాలైనదని మనం చేర్చి చెప్పవచ్చును. గుత్తికొండ మీది కోటను చూపినప్పుడు మురారిరావు పేరు చెప్పుతాము, 1776లో దానిని పట్టుకొన్న హైదరాలీ పేరు చెప్పుతాము. కొండమీదికి రాయి మోసినవాని పేరు ఎవరూ చెప్పరు.

ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఉపమానంలోని పొరపాటు ఒక్కటే కాదు. చెదల సంఘాన్ని గురించి బడులలో చెప్పేటప్పుడు మరొక పొరపాటు, ఇంతకంటె హానికరమైనది, మాటల చాటున ప్రవేశిస్తున్నది. దానిని చెప్పబోయే ముందు ఆ సంఘం స్వరూపాన్ని కొంత తెలుసుకొనవలెను.

తొలకరి వాన కురిసిన సాయంకాలం దీపాల చుట్టూ రెక్కల పురుగులు మూగడం అందరూ చూచినదే. అవే ఉసిళ్ళు. పల్లెలలో వాటిని పట్టి వేయించి తినేవారున్నారు. ఉసిళ్ళు వేరొక జాతి పురుగులు కావు. అవి పెండ్లికి బయలుదేరిన చెదలు. కాకులు, కప్పలు, బల్లులు, కోళ్ళు తినగా మిగిలినవాటిలో ఆడదీ మగదీ జతకూడి, నేలమీద రెక్కలను రాల్చుకొని, ఒకదాని వెనుక ఒకటి నడిచి, తడిసిన మంటిలో చిన్న గది తొలుచుకొంటవి. తొలిసంతానాన్ని ఆ తల్లిదండ్రులిద్దరే పెంచుతారు. ఆ బిడ్డలు కొంత ఎదిగిన తరువాత ఇంటిపని వారి చేతికి వస్తుంది. అప్పటినుండి తల్లికి గ్రుడ్లు పెట్టడమొక్కటే పని. క్రమంగా ఆమె పొట్ట ఉబ్బి, కదలలేని స్థితి వస్తుంది. పుట్టలు పెట్టే జాతులలో ఆమె దినానికి వేలకొలది గ్రుడ్లు పెడుతుంది. తండ్రి ఆమె ప్రక్కనే ఉండిపోతాడు. తేనెటీగలలో మగది జతకూడిన వెంటనే మరణిస్తుంది. చెదలలో మాత్రం దాంపత్యం ఏండ్ల తరబడి సాగుతుంది.

తక్కినవారిలో అత్యధికులు శ్రామికులు. చాల జాతులలో వారికి కండ్లు లేవు. చీమలలో, తేనెటీగలలో శ్రామికులందరూ ఆడవారే కాగా, చెదలలో ఆడా మగా ఇరువురూ పనివారే. మన్ను త్రవ్వడం, ఉమ్మితో కలిపి గోడలు పెట్టడం, గ్రుడ్లను మోయడం, పిల్లలకూ తల్లిదండ్రులకూ సైనికులకూ నోటితో మేత అందించడం అంతా వారి చేతిమీద నడుస్తుంది. సైనికులకు తల పెద్దది, దవడలు కత్తెరలవంటివి. ఆ దవడలతో పోరాడగలరే గాని మేత నమలలేరు. శ్రామికుడు పెట్టనిదే సైనికునికి తిండి లేదు.

మన ప్రాంతాలలో పుట్టలు పెట్టే చెదలు సేద్యగాండ్రు కూడ. తెచ్చిన ఆకూ పుల్లా నమిలి విసర్జించినదానితో పుట్టలోపల స్పంజివంటి మడులు కట్టి, వాటిపై ఒక శిలీంధ్రాన్ని పెంచుతవి. కర్రలోని గట్టిపదార్థాన్ని ఆ శిలీంధ్రం మెత్తబరుస్తుంది. చెదలు దానిని తిని బ్రతుకుతవి. వానకాలంలో ఆ శిలీంధ్రమే పుట్టను చీల్చుకొని గొడుగులవలె పైకి వస్తుంది. శాస్త్రజ్ఞులు ఈ సంబంధాన్ని గుర్తించి గ్రంథాలకెక్కించక ముందే మన పల్లెజనం దానిని ఒక మాటలో పెట్టినారు: పుట్టగొడుగు! భాషలో ఇంతటి శాస్త్రం దాగియున్నదని పిల్లలకు చెప్పని తెలుగు ఉపాధ్యాయుడు తన సొమ్మును తానే పోగొట్టుకొన్నవాడు.

ఈ శిలీంధ్రపు మడులను గురించి తొలుత వ్రాసిన యూరోపియనులలో ఒకడు మన దక్షిణదేశంలోనే పనిచేసినాడు. తరంగంబాడిలో వైద్యుడుగా ఉండిన యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్, లిన్నేయసు శిష్యుడు, 1779లో తంజావూరు ప్రాంతపు చెదలను గురించి వ్యాసం ప్రకటించినాడు. ఆయన 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో కన్నుమూసినాడు. చెదల శాస్త్రానికి పునాదిరాయి వేసినవారిలో ఒకడు తెలుగునేలలో నిద్రిస్తున్నాడన్నది మనం స్మరించదగిన విషయం.

ఇక పుట్ట నిర్మాణం. లక్షల ప్రాణులు, వాటితోపాటు శిలీంధ్రమూ ఊపిరి పీల్చే ఆ మూసిన ఇంటిలో గాలి ఎట్లు ఆడుతుంది? బెంగుళూరులో మన పుట్టల జాతినే పరిశీలించి, హంటర్ కింగ్, శామ్యూల్ ఆకో, మహాదేవన్ అనువారు 2015లో ఇందుకు సమాధానం ప్రకటించినారు. పగలు పుట్ట అంచులలోని సన్నని గొట్టాలు వేడెక్కి, వాటిలో గాలి పైకి లేస్తుంది, నడుమనున్న గొట్టంలో క్రిందికి దిగుతుంది. రాత్రి అంచులు చల్లబడగానే ప్రవాహం తిరగబడుతుంది. పగటి ఎండకూ రాత్రి చలికీ ఉన్న భేదమే ఆ ఇంటికి విసనకర్ర. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే మన అనంతపురం మెట్టనేలలో, పగలు నిప్పులు చెరిగే ఎండలో, తేమను వదలని ఇల్లు కట్టిన ఈ గ్రుడ్డి తాపీపనివారికి నమస్కరించవలెననిపిస్తుంది.

ఇంతటి ఏర్పాటుకు ఆజ్ఞాపించే వారెవరు? ఎవరూ లేరు. రాణి అని పేరేగాని ఆమె ఎవరినీ ఏలదు. రాజు అనేవాడు శాసించడు. ఒక శ్రామికుడు పెట్టిన మంటిముద్ద మరొకనికి సూచన. అతడు దానిప్రక్కన మరొక ముద్ద పెట్టుతాడు. వాసనలు, స్పర్శలు, నేల అదురు, వీటితోనే వార్తలన్నీ నడుస్తవి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాణి, రాజు, సైనికుడు, శ్రామికుడు అనే ఈ భేదాలను ఇంగ్లీషు శాస్త్రగ్రంథాలలో ‘క్యాస్ట్’ అంటారు. తెలుగు చేయబోయేవాని చేతికి వెంటనే దొరికే మాట ‘కులం’. దానితో పాఠం చెప్పేవాని నోట ‘చెదలలో నాలుగు కులాలు’ అన్న వాక్యం రూపొందుతుంది. ఆ వాక్యం వినిన బాలుడు ఏమనుకొంటాడు? పురుగులలోనే కులాలుండగా మనుష్యులలో ఉండడం వింతయా, ఇది ప్రకృతి నియమమే కాబోలు అనుకొంటాడు. ఎవరూ చెప్పకుండానే ఆ బాలుని మనస్సులో ఒక అన్యాయానికి శాస్త్రం ముద్ర పడిపోతుంది.

ఈ మాట ప్రయాణం విచిత్రమైనది. పోర్చుగీసువారు మన దేశానికి వచ్చి, పదునారవ శతాబ్దంలో ఇక్కడి జాతులనూ కులాలనూ చూచి, తమ భాషలో వంశమని అర్థమిచ్చే ‘కాస్తా’ అనే మాటతో వాటిని పిలిచినారు. అది ఇంగ్లీషులో క్యాస్ట్ అయినది. తరువాత ప్రకృతిశాస్త్రజ్ఞులు ఆ మాటను పురుగుల సంఘాలకు ఎరువు తెచ్చుకొన్నారు. అంటే, మనుష్యుల దోషం ఒకటి ఉపమానంగా పురుగులకు అంటినది. ఆ ఉపమానాన్నే మనం మరల తెలుగు చేసి, పురుగులనుండి మనుష్యులకు ప్రమాణంగా తెచ్చుకొంటున్నాము. అద్దంలో తన ముఖం చూచుకొని, అందులో ఉన్నవాడు తనకు సాక్షి అన్నట్లున్నది ఈ వాదం.

చెదపుట్టలో కులం లేదని చెప్పడానికి నాలుగు కారణాలు చాలును. మొదటిది: సాధారణంగా ఒక పుట్టలోని రాణిని, రాజును విడిచి తక్కినవారందరూ ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టినవారు. శ్రామికునికీ సైనికునికీ రెక్కల ఉసిలికీ రక్తభేదం లేదు, అందరూ తోబుట్టువులు. రెండవది: శ్రామికుడు శ్రామికులకు పుట్టడు, సైనికుడు సైనికులకు పుట్టడు. వారికి సంతానమే లేదు. కొడుకుకు తండ్రి వృత్తి సంక్రమించే ప్రశ్నయే అక్కడ పుట్టదు. మూడవది: ఎవరు ఏ రూపం పొందవలెనో చాలవరకు నిర్ణయించేది మేత, పుట్టలోని వాసనలు, శరీరంలోని రసాయనాలు, సంఘం అవసరం. సైనికులు తగ్గితే సైనికులు తయారవుతారు. చాలినంత మంది ఉంటే క్రొత్తవారు తయారు కావడం ఆగుతుంది. నాలుగవది: అక్కడ అంటరానితనం లేదు. ఒకరి నోటి మేత ఒకరు తినకుండ ఆ సంఘం ఒక్క దినమైనా నిలువదు.

స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు మార్టిన్ లూషర్ కర్రలో నివసించే చెదలపై 1950 దశకంలో చేసిన ప్రయోగాలు ఈ సందర్భంలో ముఖ్యమైనవి. రాజునూ రాణినీ తొలగిస్తే, అంతవరకు సామాన్యంగా పనిచేసుకొంటున్న పిల్లచెదలలోనుండి కొద్దిదినాలలోనే క్రొత్త దంపతులు తయారైనారు. పాతవారు ఉన్నంతకాలం వారినుండి వెలువడే పదార్థమేదో తక్కినవారిని ఆ మార్పు పొందకుండ ఆపుతున్నదని ఆయన భావించినాడు. ఇటువంటి పదార్థాలకు ఆయనా, పీటర్ కార్ల్‌సన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడూ కలిసి 1959లో ‘ఫెరొమోన్’ అనే పేరు పెట్టినారు. నేడు శాస్త్రవిద్యార్థులందరూ వల్లించే ఆ మాట పుట్టుకలో చెదల పరిశోధనకు కూడ పాలున్నది.

సత్యం చెప్పేటప్పుడు పూర్తిగా చెప్పవలెను. ఇంతటి మార్పు అన్ని జాతులలోనూ సాధ్యం కాదు. మన పుట్టచెదలలో దారులు చిన్నతనంలోనే చీలిపోతవి. ముదిరిన శ్రామికుడు తిరిగి రెక్కలు ధరించలేడు. కొన్ని జాతులలో ఆడదా మగదా అన్నదానిని బట్టి పని మారుతుంది. మరి కొన్నిటిలో తల్లిదండ్రులనుండి వచ్చే ప్రభావం కూడ కొంత ఉన్నదని ఇటీవలి పరిశోధనలు చెప్పుతున్నవి. అయినను పైన చెప్పిన నాలుగు కారణాలలో ఏదియు ఇందువలన చెదరదు. ఇల్లు మారితే వంశం మారుతుందనే కులం అక్కడ లేదు. ఉన్నది ఒకే ఇల్లు.

‘పనిని పంచుకొన్నారు గదా, అది చాలదా కులాన్ని సమర్థించడానికి’ అనేవారు నేటికీ ఉన్నారు. వారికి డాక్టర్ అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’ గ్రంథంలో సమాధానమిచ్చినారు. కులవ్యవస్థలో విడగొట్టబడినది పని మాత్రమే కాదు, పనిచేసే మనుష్యులు. విడగొట్టడమే కాక వారిని ఒకరిక్రింద ఒకరినిగా మెట్లు పేర్చినారు అని వారి వాదసారం. చెదలు పనిని పంచుకొన్నవి. మెట్లు మాత్రం పేర్చుకొనలేదు. ఆ తేడాను తరగతిలో ఒక్క నిమిషం నిలిచి చెప్పితే చాలును.

అయితే, ఎదుటి అతికి పోవడం కూడ నాకు సమ్మతం కాదు. చెదపుట్ట సమతారాజ్యమని, మనుష్యులు దానిని చూచి నేర్చుకొనవలెనని ఉపన్యసించేవారున్నారు. నోబెల్ బహుమానం పొందిన మేటర్లింకు 1926లో చెదలపై ఒక గ్రంథమే వ్రాసి, అందులో మానవజాతి భవిష్యత్తును గూర్చి భయపడినాడు. అది ఆయన రచనా, దక్షిణాఫ్రికా రచయిత యూజీన్ మరే భావాలకు చౌర్యమా అన్న వివాదం వేరే కథ. ఫ్రెంచి గయానాలో ఒకజాతి చెదలలో ముసలి శ్రామికులు వీపున విషపు స్ఫటికాలను మోసి, శత్రువు పైబడినప్పుడు తమ శరీరాన్నే ప్రేల్చుకొని మరణిస్తారని 2012లో తెలియవచ్చినది. దీనిని చూచి వృద్ధులను యుద్ధానికి పంపుదామా? పురుగు పురుగుధర్మాన్ని ఆచరిస్తుంది. మనుష్యుడు ఆలోచించి ధర్మాన్ని నిర్ణయించుకొనవలెను. చెద కులానికి సాక్షి కాదు, సమతకూ సాక్షి కాదు. తప్పుడు సాక్ష్యానికి దానిని పిలువవద్దనే నా మనవి.

మరి తెలుగులో ఏమనవలెను? కులం, జాతి అనే మాటలు ఇక్కడ పనికిరావు. పనికి తగిన శరీరరూపం ఏర్పడడమే ఇక్కడి విశేషం గనుక ‘వృత్తిరూపం’ అనవచ్చును. రాణికి ‘తల్లిచెద’, రాజుకు ‘తండ్రిచెద’ అన్నవి సత్యానికి దగ్గరి మాటలు. ‘కాపలాచెద’, ‘పనిచెద’ అన్నవి పిల్లలకు సులభంగా అర్థమయ్యేవి. ఇంతకంటె మంచి మాటలు తోచినవారు చెప్పితే సంతోషమే. మాటను ఎంచుకోవడం చిన్న విషయమని మాత్రం ఎవరూ అనుకోరాదు. బాలుని లేతమనస్సులో మాట ముందు దిగుతుంది, అర్థం తరువాత దాని వెంట నడుస్తుంది.

మన ప్రాంతపు మహాకవి వేమన్న కూడ పుట్టలోని చెదలను ఒక పద్యంలో పేర్కొన్నాడు. తల్లిదండ్రులమీద దయలేని కొడుకు పుట్టుకకు, పుట్టలో పుట్టి గిట్టే చెదల పుట్టుకను పోల్చినాడు. ఆయన ఉద్దేశించినది ఆ పుట్టుక వ్యర్థతను. లెక్కకు రాని పుట్టుక అని భావం. ఆ భావంలో పద్యానికి తిరుగులేదు. కాని విశేషం చూడండి: తల్లిదండ్రులకు జీవితాంతం నోటికి ముద్ద అందించే బిడ్డ ఏ పురుగులోనైనా ఉన్నదా అంటే, అది ఈ చెదయే! కులగర్వాన్ని అంత నిశితంగా ఖండించిన వేమన్న, కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధియైనాడని చెప్పుకొనే ఆ యోగి, ఈ సంగతి తెలిసియుంటే నవ్వుకొని మరొక పద్యం చెప్పియుండేవాడు.

ఇంత చెప్పినంతమాత్రాన చెద మనకు చేసే నష్టాన్ని మరువలేము. తెలుగు చదువుకొన్నవారికి చెదతో పాత పగ ఉన్నది. ఎన్ని తాటియాకు గ్రంథాలు దాని కడుపులో పడినవో లెక్కలేదు. చెద తినగా మిగిలినదే మన ప్రాచీన సాహిత్యం అనవచ్చును. రైతుకు పగ ఇంకను పెద్దది. మన జిల్లాకు ప్రాణమైన వేరుసెనగ పైరులో, వానలు వెనుకబట్టినప్పుడు, చెద తల్లివేరులోనికి దూరి దానిని డొల్ల చేస్తుంది. మొక్క నిలువునా వాడిపోతుంది. కాయ పైపొరను గీకితే ఆ దారిని బూజు ప్రవేశిస్తుంది. అఫ్లటాక్సిన్ అనే విషం గింజలో చేరడానికి అది ఒక కారణం. కరవు, చెద, బూజు అనే మూడూ ఒకదాని చేయి ఒకటి పట్టుకొని వచ్చే ఆపదలు. చివకని పెంటయెరువు చేనికి తోలకుండుట, పెరికిన చెట్లను చేనిలో ఎక్కువకాలం ఉంచకుండుట వంటి జాగ్రత్తలు రైతుబిడ్డలకు బడిలోనే చెప్పదగినవి. ఒకప్పుడు ఆల్డ్రిన్, బి.హెచ్.సి. వంటి మందులను నేలలో విచ్చలవిడిగా పోసేవారు. ఏండ్ల తరబడి మంటిలో నిలిచే విషాలని తేలిన తరువాత, 1990 దశకంలో వాటిని మన దేశంలో నిషేధించినారు.

చెదలన్నింటినీ నిర్మూలించితే మెట్టనేలకు మేలు జరుగుతుందా? జరుగదు. ఎండుటాకును, పేడను, పుల్లను మంటిలో కలిపేది, గట్టిపడిన నేలను తొలిచి వాననీటిని లోనికి దింపేది చెదయే. పడమటి ఆస్ట్రేలియా ఎండుభూములలో చీమలు, చెదలు ఉన్న మళ్ళలో గోధుమ దిగుబడి 36 శాతం ఎక్కువ వచ్చినదని 2011లో ప్రకటించినారు. బుర్కినా ఫాసో దేశంలో యాకూబా సవదోగో అనే రైతు బీడునేలలో చిన్న గుంటలు త్రవ్వి, వాటిలో ఎరువు వేసి, చెదలను కోరి పిలిచి, వాటిచేత నేలను గుల్ల చేయించి అడవినే పెంచినాడు. లోకం ఆయనను 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారంతో గౌరవించినది. ఆరవ శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో భూగర్భజలానికి గుర్తులుగా చెట్లతోపాటు పుట్టలను కూడ చెప్పినాడు. ప్రతి పుట్టక్రిందా నీరుంటుందని నమ్మి బావి త్రవ్వమని నేననను. పుట్టనూ నీటినీ కలిపి ఆలోచించిన పెద్దలు మనకున్నారని మాత్రం గుర్తుచేస్తున్నాను.

నాగులచవితినాడు మనం పుట్టలో పాలు పోస్తాము. కొన్నిచోట్ల పెండ్లికి పుట్టమన్ను తెస్తాము. వాల్మీకి పేరులోనే పుట్ట ఉన్నది. ఇంత పూజించి కూడ ఇల్లు కట్టిన ప్రాణిని గుర్తించకపోవడం మన చదువులోని లోపం. ఉపాధ్యాయమిత్రులకు నా సూచన ఒక్కటే. సుమతీ శతక పద్యాన్ని మార్చనక్కరలేదు, విడిచిపెట్టనక్కరలేదు. పద్యం చెప్పి, అర్థం చెప్పి, పిల్లలను బడివెనుక బీటిలోని పుట్టవద్దకు తీసికొనిపోండి. పాములుండవచ్చును గనుక చేయి పెట్టనీయకండి, దూరంగా నిలిపి చూపండి. దీనిని కట్టినవారెవరని అడగండి. చీమ అని చెప్పినవారికి చెదను గురించి చెప్పండి. అందులో కులాలున్నవా అని ఏ బాలుడైనా అడిగితే, లేవు నాయనా, అందరూ ఒక తల్లి బిడ్డలే, పనులే వేరు అని సమాధానమివ్వండి. పద్యమూ నిలుస్తుంది, శాస్త్రమూ నిలుస్తుంది. ఎవరి శ్రమకు వారి పేరు చెల్లించడమనే సంస్కారం కూడ ఆ బిడ్డకు అలవడుతుంది.